ఒక్క గుక్క మజ్జిగ

డెబ్భై నాలుగు వేసవి. రోహిణి కార్తె. ముందు ఆ మాట ఒప్పుకోండి బావగారూ, తరవాత కూర్చుందురుగాని. "ఎప్పుడో ఏదో జరిగింది" అంటే ఎలాగండీ? ఎప్పుడో కాదు, ఏదో కాదు. కూతుర్ని కన్నవాడికి ఏడాదీ తెలుసు, కార్తే తెలుసు.

సరే, కూర్చోండి. ఆ పీట మీద కాదు, తడిగా ఉంది. అరుగు మీద కూర్చోండి. నేను ఈ వల బాగుచేసుకుంటూ మాట్లాడతాను, ఏమనుకోకండి. మీ మొహం చూస్తూ మాట్లాడితే నా నోరు నా మాట వినదు.

ఆ సంచి పక్కన పెట్టండి. అందులో ఏముందో తరవాత చూద్దాం.

రత్తమ్మా, వియ్యంకుడు గారొచ్చారు, మంచినీళ్ళివ్వు. మంచినీళ్ళేనండీ. మా ఇంట్లో మజ్జిగ మాట ఎవరూ ఎత్తరు ఇప్పుడు.

అయితే మీరనేది ఏమిటి? కోడల్ని పంపించాలి. ఏడాదిన్నర పుట్టింట్లో ఉంచుకుంటే నలుగురూ నవ్వుతున్నారు. పంపకపోతే మీ రాముడికి వేరే సంబంధం చూస్తారు. కులపెద్దల్ని వెంటబెట్టుకొద్దామనుకుని, నా మీద గౌరవం కొద్దీ ఒక్కరే వచ్చారు. అంతేనా? ఇంకేమన్నా మిగిలిందా?

అబ్బో, గౌరవమే. హనుమాన్ జంక్షన్లో ఐసుపెట్టెల కాశీరావుగారు, హౌరా మెయిలుకి చేపలెక్కించే కాశీరావుగారు, కృష్ణలంకలో వలేసుకు బతికే పోలరాజు గుమ్మంలో కూర్చోడం చిన్న విషయం కాదు. నాకు తెలుసు.

కానీ ఒకటి అడుగుతాను. నేను మీకు చెప్పానా, లేదా?

తాంబూలాలు పుచ్చుకున్న రోజు. పదిమంది పెద్దమనుషుల్లో. "మా పిల్లకి నిమ్మజాతి పడదు, ఒక్క చుక్క కూడా పడదు" అని చెప్పానా, లేదా? మా వాళ్ళే నన్ను మోచేత్తో పొడిచారు, నోరు ముయ్యి, సంబంధం చెడిపోద్ది అని. నేను ముయ్యలేదు. దాచి చేసిన పెళ్ళి కాదండీ ఇది.

మీరేమన్నారో మీకు గుర్తుందో లేదో, నాకుంది. "చేప పడదంటే భయపడాలి గానీ, నిమ్మకాయ పడకపోతే ఏం బావగారూ, పచ్చడి ఆదా" అన్నారు. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను.

ఇది మేం పుట్టించిన జబ్బు కాదు. మా నాంచారమ్మ చిన్నప్పుడు, ఇంకా పాలపళ్ళు ఊడని వయసులో, జ్వరాన పడింది. జ్వరమొచ్చిన పిల్లకి ఎవరైనా ఏమిస్తారు? బత్తాయి రసం. ఇచ్చాం. పెదాలు తేనెటీగ కుట్టినట్టు ఉబ్బాయి. ఒళ్ళంతా దద్దుర్లు. చూసినవాళ్ళందరిదీ ఒకటే మాట, చేప పడలేదు, చేప మానిపించండి అని.

చేపలు పట్టేవాడి ఇంట్లో పిల్లకి చేప మానిపించాం. రొయ్య మానిపించాం. వంకాయ, గోంగూర, అన్నీ మానిపించాం. పథ్యం కదండీ. పథ్యంలో చింతపండు కూడదు గనక చారులోకి నిమ్మకాయ పిండాం. దద్దుర్లు పెరిగాయి. పెరిగినకొద్దీ పథ్యం గట్టి చేశాం. పథ్యం గట్టి చేసినకొద్దీ నిమ్మకాయలు ఎక్కువ పిండాం.

అర్థమవుతోందా? తెలియక మేమే పోశాం, మా చేతుల్తో. అందుకని తెలియనివాణ్ణి నేనేమీ అనను. తెలియనితనం ఎలా ఉంటుందో నాకు తెలుసు.

చివరికి గవర్నరుపేటలో ఛాయాదేవి అని ఒక డాక్టరమ్మ దగ్గరికి తీసుకెళ్ళాం. ఆవిడ అన్నీ ఆపించింది. ఒట్టి గంజీ ఉప్పూ. ఒళ్ళు నెమ్మదించాక, ఒక్కొక్కటే పెట్టి చూడండి, రెండోది కలపకండి అంది. ముందు చేప పెట్టాం. ఏమీ కాలేదు. ఆ పిల్ల ఆ రోజు రాగండి ముక్క తిన్న తీరు చూస్తే మీకు ఏడుపొచ్చేది. రొయ్య పెట్టాం, ఏమీ కాలేదు. నిమ్మకాయ దగ్గరికొచ్చేసరికి, నోట్లో వెయ్యొద్దు, నా ఎదట మోచేతి మడత మీద చుక్క రాద్దాం అంది. రాసిన చోట రూపాయి బిళ్ళంత దద్దురు లేచింది.

దాన్ని ఎలర్జీ అంటారట. "దీనికి మందు లేదు పోలరాజూ, దూరంగా ఉంచడమే మందు. ఒకసారి పెదాలు వాస్తాయి, ఇంకోసారి గొంతు లోపల వాస్తుంది. లోపల వాస్తే ఊపిరాడదు" అని చెప్పింది. నిమ్మ, గజనిమ్మ, దబ్బ, నారింజ, కమలా, బత్తాయి, పంపరపనస, ఇవన్నీ ఒకే వంశం, తీపివీ పుల్లవీ అని తేడా లేదు అంది. ఈ ముక్క గుర్తుపెట్టుకోండి బావగారూ. మళ్ళీ దీని దగ్గరికే వస్తాం.

అప్పటికి నేను రాత్రిబడిలో గుణింతాలు దిద్దుతున్నాను. మేస్టారు ఏదైనా సొంతంగా రాయమని పలక ఇచ్చాడు. అందరూ దేవుళ్ళ పేర్లు రాశారు. నేను పంపరపనస అని రాశాను. ఆయన నవ్వి, ఇదేం దేవుడయ్యా అన్నాడు.

ఆ రోజు నుంచి ఈ ఇంట్లోకి నిమ్మకాయ రాలేదు. రత్తమ్మ చేపల నీచు చింతపండుతో కడుక్కునేది. కొత్త పడవ దింపినప్పుడు నిమ్మకాయలు కట్టకుండా దింపానని మా వాళ్ళు నన్ను నానా మాటలూ అన్నారు. గంగమ్మకి కోపం వస్తుందన్నారు. వస్తే నా మీదే వస్తుంది, పిల్ల మీద రాదు అన్నాను. కట్టలేదు.

నాంచారమ్మ ఎదిగినకొద్దీ తనే అడగడం నేర్చుకుంది. పెళ్ళి పందిట్లో అడిగేది. సోడా బండి దగ్గర అడిగేది. దుర్గమ్మ కొండ మీద పులిహోర చేతిలో పెట్టబోతే, అంత జనంలోనూ "అయ్యగారూ, పులుపు చింతపండుదా, నిమ్మకాయదా" అని అడిగేది. దాని గొంతుకి, కొండ కింద చెప్పులు విడుస్తున్నవాళ్ళకి కూడా ఆ పూట పులిహోరలో ఏం పడిందో తెలిసిపోయేది.

ఆ గొంతు మీరూ విన్నారుగా. అది విని కాదూ సంబంధానికి వచ్చారు? తట్ట నెత్తిన పెట్టుకుని బందరు కాలవ గట్టు మీద నిలబడి "చేపలోయ్" అని ఒక్క కేక వేస్తే, అవతలి వీధుల్లో ఆడవాళ్ళు గిన్నెలు పట్టుకుని గుమ్మాల్లోకి వచ్చేవాళ్ళు. మిగతా ఆడవాళ్ళు ఊరంతా తిరిగితే అది నాలుగు వీధుల్లో తట్ట ఖాళీ చేసుకొచ్చేది. ఆ పిల్ల నా ఇంటికొస్తే వ్యాపారం కలిసొస్తుందని మీరే అన్నారు.

సరే, కాపరానికి తీసుకొచ్చాం. ఆ రోజు నేనేం చేశాను? మీ పొయ్యిలో బొగ్గు తీసుకుని, మీ వంటింటి గోడ మీద, పొయ్యికి ఎదురుగా, ఆ ఏడు పేర్లూ రాశాను. బెత్తెడేసి అక్షరాలు. మీ ఆవిడ, మా చెల్లెమ్మగారు, మొహం చిట్లించారు. చిట్లిస్తే చిట్లించనీ అనుకున్నాను.

పండక్కి వెల్ల వేయించారు. గోడ తెల్లగా అయిపోయింది.

ఏమిటీ? మీ ఇంట్లో ఆడవాళ్ళకి చదువు రాదా? ఆ రాత ఉంటే మాత్రం ఎవరు చదివేవాళ్ళంటారా? అదీ నిజమే. చదవడం వచ్చినవాడు మీ రాముడొక్కడే, మీ ఇంట్లో మగాడు వంటింటి గడప దాటడు. అదీ నిజమే. నాలుగక్షరాలు వచ్చాయన్న పొగరుతో రాశాను, పోనివ్వండి. గోడని చదవలేరు. నోటితో చెప్పింది వినడానికి కూడా బడికెళ్ళాలా?

వినలేదు. చేపలు కడిగాక అందరూ నిమ్మచెక్క రాసుకుంటే మా పిల్ల చింతపండు అడిగిందని, మహారాణీవారి చేతులు అన్నారు. పచ్చడికి కాయలు కొయ్యమంటే చేతికి గుడ్డ చుట్టుకుందని నవ్వారు. గుడ్డ లాగేశారు. మోచేతుల దాకా వాచింది. వాస్తే, పని తప్పించుకోడానికి దురదగొండాకు రాసుకుందన్నారు. ఇవన్నీ నాకు మా అమ్మాయి చెప్పలేదు, పాత విషయాలు తవ్వద్దంది. ఎవరు చెప్పారో తరవాత చెప్తాను.

ఇక చలివేంద్రం సంగతి.

మీ నాన్నగారి పేరు మీద గుడివాడ రోడ్డు మలుపులో తాటాకు పందిరి వేశారు. ఇసకలో కుండలు పెట్టారు. మజ్జిగలో అల్లం, కరివేపాకు, నిమ్మకాయ. మంచి పనే, కాదనను. ఆ ఎండలో లారీలవాళ్ళు, బస్సుల్లో జనం, మిమ్మల్ని చల్లగా ఉండమన్నారు. వాళ్ళని పిలవడానికి ఎవర్ని నిలబెట్టారు? లారీ హారన్ల మీద వినబడే గొంతు ఇంకెవరిది?

ఆ పందిట్లో మా పిల్ల గరిట మాత్రమే ముట్టుకునేది. గ్లాసు అంచు తగలకుండా ఎత్తునించి పోసేది. తనకి దాహమైతే బల్ల కింద పెట్టుకున్న ముంతలో మంచినీళ్ళు తాగేది. ఎవరి జోలికీ పోలేదు.

అప్పుడు మీ ఊరి రైసుమిల్లు యజమాని జీపు దిగాడు. గ్లాసు అందుకుని, తాగకుండా చూశాడు. అందరికీ మజ్జిగ పోసే అమ్మాయి మంచినీళ్ళు తాగుతోందే, ఇందులో కాలవ నీళ్ళు కలిపారా ఏమిటి కాశీరావ్ అన్నాడు. హాస్యానికే అన్నాడట. జనం నవ్వారు. నవ్వి ఊరుకోలేదు, ఇద్దరు ముగ్గురు గ్లాసులు కింద పెట్టేశారు.

అక్కడ మీకు తల తీసేసినట్టయింది. అవునా? ఆ మాటకి జవాబు మీ దగ్గరుంది. "దానికి నిమ్మకాయ పడదండీ, అందుకని తాగదు" అంటే సరిపోయేది. ఎంత మాట అది? ఊపిరి తీసుకునేంత సేపు పట్టదు. కానీ మీరు అది నమ్మలేదు. నమ్మని మాట పెద్దమనిషి ముందు ఎలా అంటారు?

గ్లాసు నింపి దాని చేతికిచ్చారు. "ఒక్క గుక్క తాగమ్మా, ప్రాణం పోదులే" అన్నారు.

ఈ మాట మీరన్నారా, లేదా? తల వంచుకోకండి. వల నా ఒళ్ళో ఉంది, మీ ఒళ్ళో లేదు.

దుర్గమ్మ కొండ మీద పూజారిని నిలదీసిన పిల్లండీ అది. మావగారి ముందు నోరెత్తలేదు. నోరెత్తకూడదని మేమే నేర్పి పంపాం. నెత్తి మీద కొంగు లాక్కుని, మీ మొహం ఒకసారి చూసి, తాగింది. మీ పరువు కోసం తాగింది. జనం మళ్ళీ గ్లాసులందుకున్నారు. మిల్లు యజమాని కూడా తాగి, చల్లగా ఉందన్నాడు.

కాసేపటికి కుండ వెనక కూలబడింది. చూసినవాళ్ళు ఏమన్నారు? వడదెబ్బ అన్నారు. వడదెబ్బ తగిలినవాళ్ళకి ఏం పోస్తారు? అదే మజ్జిగ. తల పట్టుకుని ఇంకో గ్లాసు పోశారు. వద్దని చెప్పడానికి అప్పటికే నాలుక తిరగడం లేదు.

ఇది నాకు చెప్పింది ఆమోసు. పేరు గుర్తులేదా? లారీ డ్రైవరు. అక్కడే గ్లాసు పట్టుకుని నిలబడ్డ మనిషి. ఆడమనిషి పెదాలు నల్లబడుతుంటే ఇది వడదెబ్బేమిటని, ఎవర్నీ అడక్కుండా లారీలో పడుకోబెట్టాడు. మా చెల్లెమ్మగారు ఎక్కారు. ఆవిడ ఏడుస్తూనే ఎక్కారట, ఆ మాట నేను దాచను. మీరు ఎక్కలేదు. మిల్లు యజమానిని సాగనంపాలిగా.

హనుమాన్ జంక్షన్ నుంచి బెజవాడ దాకా ఆమోసు హారన్ మీద చెయ్యి తియ్యలేదు. పెద్దాసుపత్రిలో వాళ్ళు చూసి, గొంతు లోపల మూసుకుపోయింది, మందు పనిచేసేదాకా ఆగితే మనిషి మిగలదు అన్నారు. ఇదిగో ఇక్కడ, మెడ ముందు కోసి, గొట్టం పెట్టి, గాలి పోనిచ్చారు. నేను పరుగెత్తుకుంటూ వెళ్ళేసరికి నా కూతురు మెడలోంచి ఊపిరి పీలుస్తోంది.

బతికించారు. వాళ్ళకి చేతులెత్తి దండం పెట్టాను. తరవాత గొట్టం తీశారు, కన్నం పూడింది, మచ్చ మిగిలింది. లోపల ఏదో నరమో పొరో దెబ్బతిందట. గాలి వస్తుంది, మాట రాదు. నోటి దగ్గర చెవి పెడితే ఆకులు గలగలమన్నట్టు వినబడుతుంది.

ఇంటికొచ్చాక కొన్నాళ్ళు మంచం మీదే ఉంది. తరవాత ఒక పొద్దున్న లేచి తట్ట ఎత్తుకుంది. కాలవ గట్టు మీద నిలబడి నోరు తెరిచింది. నేను వెనకే ఉన్నాను. ఏమీ రాలేదు. మర్నాటి నుంచి తక్కెడ పళ్ళెం మీద రాయితో కొట్టుకుంటూ తిరిగింది. గిన్నెలకి కళాయి వేసేవాడనుకుని జనం చిల్లు గిన్నెలు తెచ్చేవారు.

నవ్వొస్తే నవ్వండి. అది కూడా నవ్వింది. చప్పుడు రాలేదు, అంతే.

ఇప్పుడు మీరొచ్చి, పొరపాటైంది, ఇకమీదట జాగ్రత్తగా చూసుకుంటాం అంటున్నారు. లోపల్నించి రత్తమ్మ కూడా సన్నగా దగ్గుతోంది, విన్నారా? ఒప్పుకోమని. ఆడపిల్ల ఎన్నాళ్ళుంటుంది ఇక్కడ అని దాని బెంగ. నేనూ ఆలోచించాను బావగారూ. మొండివాణ్ణే గానీ రాయిని కాదు. మీరు వచ్చి, ఈ జబ్బేమిటో మాకు అర్థమైంది అని ఒక్క మాట అంటే ఏం చేద్దామా అని, మీ కబురు వచ్చిన దగ్గర్నించి ఆలోచిస్తూనే ఉన్నాను.

ఏదీ, ఆ సంచి ఇలా ఇవ్వండి. కోడలికోసం ఏం తెచ్చారో చూద్దాం.

చీర. బాగుంది. దాని కింద?

బత్తాయిలు.

అదేనండీ, బత్తాయిలే. చూశాను. నీరసంగా ఉన్న మనిషికి బలమని తెచ్చారు. నిమ్మకాయ కాదు కదా అంటున్నారు. తియ్యటివే అంటున్నారు. దగ్గరుండి ఏరించానంటున్నారు.

ఇందాక ఒక ముక్క గుర్తుపెట్టుకోమన్నాను. తీపివీ పుల్లవీ అని తేడా లేదని. ఈ అరుగు మీదే, ఇప్పుడే చెప్పాను. తలూపారు కూడా.

లేదు, కోపం లేదు. నిజంగా లేదు. మీరు చెడ్డవారైతే నాకు సులువుగా ఉండేది. ప్రేమగానే తెచ్చారు. ఆ మజ్జిగ కూడా పుణ్యానికే పోశారు. మీ ప్రేమకీ పుణ్యానికీ తట్టుకోడానికి నా కూతురికి ఇంకో గొంతు లేదు. పంపను.

రత్తమ్మా, నువ్వు దగ్గకు. పంపను.

వేరే సంబంధమా? చూసుకోండి. తప్పకుండా చూసుకోండి. కానీ పెళ్ళికొడుకుని ముందు వెతుక్కోవాలి మీరు. రాముడు హౌరాలో ఉన్నాడు కదూ, కమిషను బాకీలు వసూలు చేస్తున్నాడని కబురు పంపాడు కదూ. దసరా నుంచీ ఆ కబురే నమ్ముకుని ఉన్నారా?

అతను హౌరా వెళ్ళలేదండీ. ఆ సందు చివర నిలబడ్డాడు. నేను తలుపు తియ్యలేదు. మళ్ళీ వచ్చాడు, తియ్యలేదు. వాన పడుతుంటే చూరు కింద నిలబడి, మూసిన తలుపు ముందు ఒక్కొక్క పేరే చెప్పాడు. నిమ్మ, గజనిమ్మ, దబ్బ, నారింజ, కమలా, బత్తాయి, పంపరపనస. మీ గోడకి వెల్ల వెయ్యకముందు, వంటింటి గడప ఇవతల నిలబడి చదివాడట. చదివీ ఊరుకున్నానని తలుపుకి చెప్పుకున్నాడు. మీ ఇంటి సంగతులన్నీ అప్పుడే చెప్పాడు. తలుపు నేను తియ్యలేదు, నాంచారమ్మ తీసింది.

ఇక్కడే ఉంటున్నాడు. మీకు చెప్పడానికి భయం అతనికి. నాకు లేదు. కొండ మీద ప్రసాదం పెడితే ఇప్పుడు అతనే అడుగుతాడు, పులుపు దేనిదని. సిగ్గుపడుతూ అడుగుతాడు గానీ అడుగుతాడు.

కూర్చోండి, కూర్చోండి. ఎక్కడికి లేస్తారు? వాళ్ళే వచ్చే వేళైంది. మాట్లాడకుండా వినండి కాసేపు.

అదిగో. కాలవ వైపునించి. చేపలోయ్, చేపలోయ్ అని. బొంగురుగా ఉంది, మధ్యలో తెగిపోతోంది, ఎవరూ గిన్నెలు పట్టుకుని పరుగెత్తుకు రారు దానికి. గుర్తుపట్టారా?

మీ అబ్బాయే. ఐసుపెట్టెల కాశీరావుగారి అబ్బాయి.

వెనకాల తట్ట మోస్తోంది చూడండి, అది మా అమ్మాయి. ఏమన్నా అడగాలంటే దగ్గరికెళ్ళి అడగండి. జవాబు చెప్తే వంగి, దాని నోటి దగ్గర చెవి పెట్టి వినండి. ఆ బత్తాయిలు ముట్టుకున్న చేతులు కడుక్కుని వెళ్ళండి, తొట్టి అటుంది.

గొంతు మాత్రం అడక్కండి. డెబ్భై నాలుగు రోహిణి కార్తెలో పోయింది. మళ్ళీ రాలేదు.